థర్మాకోల్ లంక

రొయ్యల చెరువు గట్టు మీద
నా కాపలా షెడ్డు పదడుగులు.
ఆరడుగులు మంచానికి పోతే
మిగిలిన నాలుగింటిలో
రెండువేల ఎనభై ఆరో సంవత్సరం ఉంటుంది.

చేపల పెట్టె మూత మీద కట్టానండి ఊరిని.
ఒక మూల విరిగిపోయింది.
ఆ విరిగినవైపుని సముద్రం అనుకున్నాను,
అంతర్వేది అటే కదా.

సత్యవేణి షుగరు మాత్రల ఖాళీ అట్టలు
ఎండని తాగే ఇంటికప్పులు.
ఒక్కో గుంట ఒక్కో పూట.
మూడేళ్ళ జబ్బుతో
ఊరంతటికీ కరెంటు ఇచ్చాను.
పేస్టు మూతలు మంచినీళ్ళ ట్యాంకులు,
దోమల చుట్ట నిలబెట్టే రేకు
ఆకాశం మాటలు వినే గొడుగు.
చెల్లని సిమ్ము కార్డులు తలుపులు.
ఏ తలుపు ఎవరి నంబరో
నాకే గుర్తులేదు.

ఇళ్ళన్నీ చెవిపుల్లల కాళ్ళ మీద నిలబెట్టాను.
ఎందుకని ఎవరూ అడగలేదు.
ఎనభై ఆరు చూసినవాళ్ళు అడగరు.
అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.
అటక మీద కూర్చుని చూస్తున్నాను,
సామానంతా వరసగా గుమ్మం దాటి పోతోంది.
మా అమ్మ వాటిని
పెట్టినవాళ్ళ పేర్లతో పిలిచింది.
"అది చిట్టెమ్మత్త బిందె.
అదిగో, పేరూరోళ్ళ పళ్ళెం."
ఒక్కటీ వెనక్కి తిరిగి చూడలేదు.

ఆకాశం అంటే షెడ్డు దూలం.
దానికి తంగూసుతో వేలాడదీసిన
సాగిపోయిన కుక్కరు గాస్కెట్టు
అంతరిక్షంలో తిరిగే ఊరు.
చవితి పందిట్లో చచ్చిన సీరియల్ సెట్టులోంచి
బతికిన బల్బులు ఏడే దొరికాయి.
మూడు పైకి, నాలుగు కిందికి పంచాను.

పంటు నడిపే తాతారావు
ఓ రాత్రి బీడీకి నిప్పు కోసం వచ్చి
చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు.
"అన్నీ బానే ఉన్నాయి గానీ, పంటేదిరా?"
వంతెన చూపించాను.
పాత హ్యాండ్‌బ్యాగు జిప్పు,
పడవ వస్తే తెరుచుకుంటుంది.
దాన్ని ఇటు లాగాడు, అటు లాగాడు.
"మరయితే అక్కడ నాకు పనేటి?"
చెప్పలేకపోయాను.
వారం తిరిగాక తనే వచ్చాడు,
అగ్గిపెట్టెతో చేసిన పంటు జేబులో పెట్టుకుని.
రెయిలింగుకి దువ్వెన పళ్ళు.
"వంతెన మరమ్మతుకొచ్చిన రోజున
పనికొస్తాది, ఉంచు."

మొన్న రాత్రి రెండింటికి కరెంటు పోయింది.
చెరువులో చక్రాలు ఆగిపోయాయి.
చక్రాలాగితే రొయ్య ఊపిరికి పైకొచ్చేస్తుంది,
జనరేటరు దగ్గరికి పరిగెత్తాలి.
ఆ చీకట్లో గట్టంతా కలిపి
వెలుగున్నది నూరేళ్ళ తర్వాతి ఊళ్ళోనే.
ఆ వెలుగులోనే
నా చెప్పులు వెతుక్కున్నాను.

తెల్లారి క్యారియర్ తెచ్చిన సత్యవేణి
తలెత్తి చూసింది.
"కొత్తది వారానికే ఆవిరి వదిలేస్తోంది.
పాతది ఇక్కడ ఊరేగుతోందా?"
స్టూలెక్కి తంగూసు పళ్ళతో తెంపింది.
మూడు బల్బులూ నా చేతిలో పెట్టింది.
మర్నాడు దోసకాయ పప్పు.
అంతరిక్షంలో ఉడికిందన్నమాట,
మెత్తగా వచ్చింది.
దూలానికి దారప్పోగు అలాగే ఊగుతోంది.
సముద్రపు గాలికి
ఏదో ఉన్నట్టే తిరుగుతోంది.

ఈవేళ క్యారియర్ అడుగు గిన్నెలో
అన్నం లేదు.
మడత పడకుండా పెట్టిన ఖాళీ మాత్రల అట్ట.
రేడియోలో ధవళేశ్వరం నీటిమట్టం చెబుతున్నారు,
రెండో హెచ్చరిక ఎత్తారట.
బ్లేడు తీసి చెవిపుల్లలు కోస్తున్నాను,
కొత్త ఇంటికి కాళ్ళు,
ఈసారి ఓ అరంగుళం పొడుగ్గా.